బూడిదకు కులం లేదట

ఏటేటా బడి తెరిచినంక ఒక కాయితం వస్తది. విద్యార్థుల సైన్సు పోటీ. అంశం పేరు మారుతుంటది గని లోపలి సరుకు ఒక్కటే: జీవావరణం, కాలుష్యం, ఆరోగ్యం. కాయితం అందిన కాన్నుంచి బడులన్నీ ఒక్క తీరుగనే కదులుతయి. థర్మోకోలు అట్టలు, పచ్చరంగు, అగ్గిపుల్లల కంచె, పొగగొట్టం మూతికి దూది. దూది మీద బొగ్గుపొడి చల్లితే అది సమస్య. చల్లకుంటే పరిష్కారం. కింద పెద్దక్షరాలతోని 'పర్యావరణ పరిరక్షణ మనందరి బాధ్యత'.

నా తగాదా ఈ 'మనందరి' అన్న మాట మీద. కరెంటు కాల్చేకాడ మనందరం లేము. క్వార్టర్లు పంచేకాడ మనందరం లేము. బాధ్యత పంచేకాడికి వచ్చేసరికి మాత్రం మనందరం ఒక్కటైపోయినం!

నేను సర్కారు బడిల జీవశాస్త్రం చెప్తా. మాదిగదాన్ని. మా ఇంట్ల డిగ్రీ మొఖం చూసిన మొదటి మనిషిని. జ్యోతినగర్ అంటే మీల చాలామందికి ఎన్టీపీసీ టౌన్‌షిప్‌గా తెలుసు. 1978ల పునాది పడి, 1983ల మొదటి యూనిట్ తిరిగి, మెల్లమెల్లగ 2,600 మెగావాట్లకు పెరిగిన కేంద్రం. దాని పక్కన తెలంగాణ ప్రాజెక్టు పేరుతోని ఇంకో 1,600. ఇటు గోదావరిఖని, అటు రామగుండం, చుట్టూ సింగరేణి బాయిలు, ఓపెన్‌కాస్టు మట్టిగుట్టలు. 1999ల మూతబడి 2021ల కొత్త పేరుతోని మొదలైన ఎరువుల ఫ్యాక్టరీ. 1971 నుంచి 2024 దాకా తిరిగి ఆగిపోయిన పాత బి-థర్మల్. సాంఘికశాస్త్రం పుస్తకంల ఇదంతా 'పారిశ్రామిక ప్రాంతం' అని ఒక్క ముక్క. ఆ ముక్కల మా వాడ ఉండదు.

కాలుష్యం అన్న మాట నాకు బడిల దొరకకముందే ఇంకో పేరుతోని దొరికింది. మైల. అంటు. ముట్టుడు. దొర బాయికాడ నిలబడి, ఎవరో ఒకరు దయతలిచి పైనుంచి పోస్తే దోసిట పట్టుకున్న నీళ్ళ కథలు మా అవ్వ చెప్తే విని పెరిగిన. మనిషి ముడితే నీళ్ళు చెడుతయన్న సిద్ధాంతానికి ఈ దేశంల ఏ ప్రయోగశాల ముద్రా అక్కరపడలే. లాగ్‌బుక్కు ఏదని ఎవరూ అడగలే. నమూనా ఎంత, కొలత ఏంది, పరికరం ఏదని ఏ జడ్జీ నిలదీయలే. 1927 మార్చి 20న మహద్‌ల అంబేద్కర్ వేలమందితోని పోయి చౌదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగిండు. తర్వాత అక్కడి సవర్ణులు పాలు, పెరుగు, ఆవుపేడ, ఆవు మూత్రం 108 కుండలల్ల తెచ్చి గుమ్మరించి చెరువును శుద్ధి చేసుకున్నరు. తొమ్మిదో తరగతిల ఈ సంగతి చెప్తే ఒక పిలగాడు లేచి అడిగిండు: "పేడ పోస్తే నీళ్ళల్ల బ్యాక్టీరియా పెరుగుతది గద మేడం?" పెరుగుతది బిడ్డా, రాసుకో అన్న.

పోటీల మీద నాకు కోపం లేదు, ముందే చెప్తున్న. సుప్రీంకోర్టు 1991ల పర్యావరణాన్ని పాఠంగా చెప్పాలని తీర్పిచ్చింది. 1993 నుంచి జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ నడుస్తుంది. పది నుంచి పదిహేడేండ్ల పిల్లలు తమ ఊరి సమస్యను తామే ఎంచుకోవాలె, తామే కొలవాలె, తామే నిలబడి చెప్పాలె అన్నది దాని పద్ధతి. మంచి పద్ధతి. పుస్తకం బట్టీ పట్టించే దేశంల పిల్లలను బజారుకు గుంజుకొచ్చిన పద్ధతి. మేము ఆ పద్ధతినే నమ్మినం. నమ్మి కొలిచినం. కొలిచినంక ఏమైందన్నదే ఈ వ్యాసం.

కొన్నేండ్ల కింద ఇసొంటి ఒక పోటీకి మా బడి పిల్లలను తయారుచేసిన. ఏ పోటీ, ఏ ఏడాది అన్నది వద్దు. కాయితం మీద ఇద్దరి పేర్లే రాయాలె గని పని అయిదుగురు చేసిన్రు. థర్మోకోలు ముట్టొద్దన్న. మెడికల్ షాపుల వాజిలిన్ డబ్బా కొన్నం. బడి ల్యాబుల గాజు స్లయిడ్లు తుడిచి, వాజిలిన్ పల్చగ పూసి, మనిషి ముక్కెత్తున ఇరవై నాలుగు గంటలు కట్టినం. తర్వాత కింద మిల్లీమీటరు గ్రాఫు కాయితం పెట్టి, భూతద్దంతోని ఒక్కో గడిల ఎన్ని రేణువులు అంటుకున్నయో లెక్కపెట్టుడు. పలకలు నాలుగు తావులల్ల: మా బడి కిటికీకి ఒకటి, రాజీవ్ రహదారి పక్క చాయ్ దుకాణానికి ఒకటి, మా వాడల ఒకటి, ఒక క్వార్టర్ల కాలనీల చెట్టుకొమ్మకు ఒకటి. ఆ కాలనీ ఏ కంపెనీదో రాయను. పేరు రాస్తే ముచ్చటంతా ఆ పేరు చుట్టే తిరుగుతది.

వేపాకుల మీది దుమ్ము కూడ తూచినం. ఒక్క ఎత్తుల ఇరవై ఆకులు తెంపి, తూచి, కడిగి, నీడకు ఆరబెట్టి మళ్ళ తూచాలె. బడిల ఉన్న త్రాసుకు గ్రాము లోపల తెలువదు. ఒక పిలగాడు బంగారం దుకాణపాయన్ను బతిమాలి ఒప్పిచ్చుకొచ్చిండు. బంగారం తూచే కాటా మీద బూడిద తూచినం. గాలి దిక్కు చూడనీకి పాత చీర పేలిక ఒకటి కట్టెకు కట్టి, పొద్దున, పగటీలి, మాపటికి రాసుకున్నరు. వానకాలం పడమటి గాలి, చలికాలం తూర్పు దిక్కు గాలి అని పాఠంల చదివింది, ఆ పేలిక చెప్పినంకనే వాళ్ళు నమ్మిన్రు.

బూడిద లెక్క బోర్డు మీద కట్టినం. యూనిట్ కరెంటుకు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలాలె. 2,600 మెగావాట్లు ఒక రోజంత పూర్తిగ తిరిగితే 6 కోట్ల 24 లక్షల యూనిట్లు. అంటే 43 వేల టన్నుల పైచిలుకు బొగ్గు. మన బొగ్గుల మూడో వంతు బూడిదే అనుకుంటే 14 వేల టన్నులు దాటుతది. పది టన్నుల లారీకి ఎత్తితే రోజుకు 1,400 లారీలు! పిల్లలు లెక్క తప్పిందేమో అని మూడుసార్లు కట్టిన్రు. ఇదంత పొగగొట్టంల నుంచి పోదు, అది కూడ చెప్పాలె. విద్యుత్తుతోని బూడిదను పట్టే యంత్రాలు నూటికి తొంభైతొమ్మిది పాళ్ళకు పైగ పట్టేస్తయి. పట్టినదాన్ని నీళ్ళల్ల కలిపి బూడిద చెరువుకు తోలుతరు, లేకుంటే సిమెంటుకు, ఇటుకలకు లారీల ఎక్కిస్తరు. చెరువు ఎండి ఎండకాలం గాలి లేస్తే అదీ లేస్తది. ఇక్కడి కరెంటు మన రెండు రాష్ట్రాలకే కాదు, తమిళనాడుకు, కర్ణాటకకు, కేరళకు, గోవాకు పోతది. బూడిద ఏ తీగ మీదా పోలేదు.

మా బాపు ఆ బూడిద లారీల మీదనే కూలి చేసిండు. ఒక కాంట్రాక్టరు కింద. పార పట్టుడు, లారీ మీద పట్టా కప్పుడు. ఇంటికొచ్చేసరికి కనురెప్పలు, మీసం, చెవుల సందులు అన్నీ తెల్లగ. "అయ్యగారి లెక్క విబూది పూసుకొచ్చినవా" అని అవ్వ నవ్వేది. అదే బూడిద ఒకల నొసట భక్తి, ఇంకొకల రెప్పల మీద కూలి. అవ్వ ఒక కాలనీల రోడ్లు ఊడ్చేది. నా ఫీజు ఆ చీపురుల నుంచే వచ్చింది గనుక చీపురు మీద కవిత్వం చెప్పేటోళ్లను చూస్తే నాకు చిరాకు.

ఇగ పలకల సంగతి. వాడ పలక మీద లెక్క తప్పేంత దుమ్ము. కాలనీ పలక మీద వేళ్ళ మీద ఎంచేంత. ఇది ఎదురుచూసిందే. కాలనీల చెట్లున్నయి, తారురోడ్లున్నయి, నీళ్ళు చల్లుతరు. అందరం అదే రాసి మూసేద్దామనుకుంటుంటే ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి కూసున్న కాన్నుంచి లేవలే. వాళ్ళ అమ్మ ఆ కాలనీలనే ఊడుస్తది. "మేడం, ఆ రోడ్డు మీద పడ్డ దుమ్ము ఏడికి పోయింది? మా అమ్మ ఊడ్చింది గద. ఊడ్చినప్పుడు లేస్తది గద. అయిదో పలక మా అమ్మకు కడుదాం" అన్నది.

కట్టినం. తెల్లారుగట్ల అయిదింటికి జాకెటు మీద, గదుమ కింద, పిన్నీసుతోని. మూడు గంటలే. ఎనిమిదింటికి విప్పి చూస్తే చెట్టుకొమ్మ పలక మీద ఇరవై నాలుగు గంటలల్ల పడని దుమ్ము ఆ మూడు గంటల పలక మీద ఉంది. ఏ సైన్సు పుస్తకం చూడకుండ ఆ పిల్ల కనిపెట్టిన పద్ధతికి పెద్ద శాస్త్రంల చోటుంది. గాలిని ఒక తావుల కొలుచుడు వేరు, ఒక మనిషి పీల్చేదాన్ని ఆ మనిషి ఒంటిమీదనే కొలుచుడు వేరు. గనుల ఆరోగ్యం మీద పనిచేసేటోళ్ళంతా రెండోదాన్నే గట్టి కొలత అంటరు. ఆ పిల్ల అంతటితో ఆగలే. ఆ పొద్దు అక్కడ ఊడ్చిన ఆడోళ్ల దగ్గరికి పోయి వయసు, ఎన్నేండ్ల నుంచి ఊడుస్తున్నరు, దగ్గుందా, మూతికి ఏం కట్టుకుంటరు అని రాసుకొచ్చింది. చివరికి కులం అని ఒక గడి గీసింది. నేను చెప్పలే. ఆ గడిల రెండే మాటలు మళ్ళ మళ్ళ ఉన్నయి. ఆ రెండు మాటలేందో ఈ సంకలనం చదివేటోళ్లకు చెప్పక్కరలేదు.

పోటీనాడు మా పిల్లలు బాగనే చెప్పిన్రు. దేశం ప్రమాణం ఏందంటే ఠక్కున చెప్పిన్రు: 2009 లెక్క ప్రకారం సన్నదుమ్ము పీఎం2.5 ఘనమీటరు గాలిల రోజు సగటున 60 మైక్రోగ్రాములు దాటొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021ల చెప్పింది 15. తయారయ్యేటప్పుడు మా వాడొకడు "మన ఊపిరితిత్తులు నాలుగింతలు గట్టివా మేడం" అన్నడు, ఆ ముక్క చార్టు మీద రాయనియ్యలే గని అడిగినందుకు సంతోషపడ్డ. జడ్జిల ఒక పెద్దమనిషి అయిదో పలక కాడ ఆగి మెచ్చుకున్నడు. కిందికి చూసి కళ్ళజోడు సవరించుకున్నడు.

"అమ్మా, అంతా బాగుంది. ఈ కులం గడి ఎందుకు? బూడిదకు కులం ఉంటదా?"

"బూడిదకు లేదు సార్, ఊడ్చేటోళ్లకు ఉంది."

ఆయన నవ్విండు. చెడ్డ నవ్వేం కాదు. చిన్నపిల్ల గట్టిగ మాట్లాడితే పెద్దలు నవ్వే నవ్వు. తర్వాత నన్ను పక్కకు పిలిచి మర్యాదగనే చెప్పిండు: "మేడం, ఇది సామాజిక అంశమైతది, సైన్సు కాదు. కులం తీసేసి 'ఆర్థికంగా వెనుకబడిన వర్గాలు' అని పెట్టండి. పిల్లల పని మంచిది, పైకి పోతది."

బువ్వ తినేకాడ పిల్లలనే అడిగిన. ఒకడు, బంగారం కాటా తెచ్చినోడు, మార్చుదాం మేడం అన్నడు. హైదరాబాదు చూడలే వాడు. గెలిస్తే చూసేటోడు. పలక కట్టిన పిల్ల తల అడ్డంగ ఊపింది. మిగిలిన ముగ్గురు చాలసేపు వాదించుకున్నరు. గడి ఉంచినం. బహుమతి ఇంకొకలకు పోయింది. పచ్చ స్పాంజి చెట్లు, తిరిగే గాలిమర, దూది పొగ. ఆ పిలగాడు వారం దినాలు నాతోని మాట్లాడలే. వానిది తప్పని నేననను. పదమూడేండ్ల పిలగానికి హైదరాబాదు ఎంత దూరమో నాకు తెలుసు.

ఇప్పుడు ఆ పెద్దమనిషికి నా జవాబు. అక్కడ చెప్పలే, పిల్లల మార్కులు ఆయన చేతుల ఉండె.

కులం గడి సైన్సు కాదంటరు. గని తెరవబోయే ప్రతి గనికి, ప్రతి పెద్ద ప్లాంటుకు పర్యావరణ ప్రభావ నివేదిక రాస్తరు గద. దాంట్ల గాలి, నీళ్ళు, నేల, శబ్దం కొలతల పక్కనే జనాభా పట్టిక ఉంటది. చుట్టూ పది కిలోమీటర్లల్ల ఎందరు ఎస్సీలు, ఎందరు ఎస్టీలు అని గడి ఉంటది. లక్షలు తీసుకొని కన్సల్టెంటు గీస్తే ఆ గడి శాస్త్రం. వాజిలిన్ డబ్బాతోని మాదిగపిల్ల గీస్తే సామాజిక అంశం. పైగా ఆ నివేదికల్ల ఒక్క సంఖ్య ఉంటది గని, ఆ సంఖ్యకూ దుమ్ముకూ గీత కలపరు. మా పిల్ల ఆ గీత కలిపింది. ఆమె చేసిన నేరం అదే.

అమెరికాల ఈ గీత కలిపి నలభై ఏండ్లయింది. 1982ల ఉత్తర కరోలినా రాష్ట్రంల వారెన్ కౌంటీ అనే నల్లజాతి పేదల తావుల విషపుమట్టి పూడ్చబోతే జనం లారీలకు అడ్డం పండుకున్నరు. అయిదు వందల మందికి పైగ అరెస్టయిన్రు. 1987ల ఒక చర్చి సంస్థ దేశమంత లెక్క తీయించి చూస్తే, విషపు చెత్త ఎక్కడ ఉందో చెప్పేటందుకు ఆదాయం కంటె జాతి గట్టి గుర్తుగ తేలింది. పేదరికం గడి, జాతి గడి రెండూ పెట్టి చూసిన్రు కావట్టి ఏది గట్టిదో తెలిసింది. ఒక గడి ముందే కొట్టేస్తే ఏం తేలుతది? గడి కొట్టేయమనుడు సైన్సా, గడి ఉంచి కొలుచుడు సైన్సా? 'ఆర్థికంగా వెనుకబడిన' అని మార్చమన్న సలహా మాకు చేసిన మేలు కాదు, కొలతను చెడగొట్టుడు.

రాజకీయం వద్దంటరు. 2015 డిసెంబరుల కేంద్ర పర్యావరణ శాఖ థర్మల్ కేంద్రాలు గంధకపు పొగ తగ్గించాలని, రెండేండ్లల్ల యంత్రాలు పెట్టాలని నియమం తెచ్చింది. గడువు మీద గడువు పొడిగించింది. 2025 జూలైల దేశంల నాలుగింట మూడు వంతులకు పైగ యూనిట్లకు ఆ యంత్రమే అక్కరలేదని మినహాయించింది. ఇది రాజకీయం కాదట. పిల్లలు దీపావళికి పటాకులు కాల్చొద్దని ప్రతిజ్ఞ చేయాలె, అది పర్యావరణ చైతన్యమట!

కోలార్ బంగారు గనులను యాది చేసుకోండి. మనలాంటి గనుల టౌన్‌షిప్పే, కర్ణాటకల. ఆ బంగారం ఊర్ల పొడి మరుగుదొడ్లు ఎత్తిపోసింది తెలుగు మాట్లాడే మన దళితులే. బెజవాడ విల్సన్ ఆ ఇండ్ల నుంచే వచ్చిండు. సఫాయి కర్మచారి ఆందోళన్ ఆ మలం గంపల నుంచి పుట్టింది. 2016ల ఆయనకు మెగసెసే వస్తే పత్రికలు మానవహక్కులు అని రాసినయి. నిజమే. గని అది గనుల పర్యావరణం కాదా? ఒక కంపెనీ ఊరు శుభ్రంగ ఉందంటే, ఆ మురికి ఎవరి నెత్తి మీద ఉందని అడుగుడు జీవావరణ శాస్త్రం కాదా?

ఇగ మనోళ్ళకు కూడ ఒక మాట. విద్యార్థి సంఘాల తమ్ముళ్ళు, అక్కలు కోపం చేయొద్దు.

మన సభలల్ల భూమి వస్తది, రిజర్వేషన్ వస్తది, దాడులు వస్తయి. 2025ల వర్గీకరణ చట్టం వచ్చిననాడు మా వాడల డప్పు కొట్టినం, నేనూ ఎగిరిన. గని పర్యావరణం అనంగనే మనం బయటికి పోయి చాయ్ తాగుతం. పులులు, పక్షులు, ఆర్గానిక్ కూరగాయలు, అది వాళ్ళ ముచ్చట అనుకుంటం. ఎర్రజెండా అన్నలకు కార్మికుడంటే బాయి దిగినోడు. సింగరేణిల 1990ల మొదట లక్ష దాటి ఉన్న ఉద్యోగాలు ఇప్పుడు నలభై వేల దగ్గర ఆగినయి, దాని మీద సరిగనే కొట్లాడిన్రు. ఆ తగ్గిన తావులల్ల కాంట్రాక్టు కింద ఊడ్చే, ఎత్తే, కప్పే పనులకు వచ్చినోళ్ళెవరో, వాళ్ళు కొంగు తప్ప ఏం అడ్డం పెట్టుకుంటున్నరో ఏ కరపత్రంలనూ నేను చదవలే.

కారంచేడు ఎట్ల మొదలైందో మనమే మర్చిపోయినం. 1985 జూలై 16న మాదిగలు తాగే మంచినీళ్ళ చెరువు కాడ కమ్మ యువకులు బర్రెల కుడితి బకెట్ కడిగి నీళ్ళు మురికి చేస్తున్నరు. వద్దన్న పిలగాన్ని కొట్టవోతే మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు పల్లె మీద పడి ఆరుగురిని చంపిన్రు, ఆడోళ్ళను చెరిచిన్రు. మనం దాన్ని ఆత్మగౌరవ పోరాటం అన్నం, దళిత మహాసభ అక్కడి నుంచే పుట్టింది. అన్నీ నిజాలే. దాంతోపాటు అది తాగే నీళ్ళ కాలుష్యం మీద లేచిన గొంతు కూడ. ఏ పర్యావరణ ఉద్యమ చరిత్రలనన్న సువార్త పేరు ఉందా? లేకపోతే రాయాల్సింది ఎవరు? చెట్లను కావలించుకున్న ఆడోళ్ళు మా పిల్లల పాఠంల ఉన్నరు, ఉండాలె. బిందె ఎత్తినామె ఎందుకు లేదు?

నేను బడిల ఇప్పుడు ఆ పాఠం చెప్పేనాడు ఆమె సంగతి కూడ చెప్తా. సిలబస్‌ల లేదని ఒక తోటి టీచరు అన్నడు. సిలబస్‌ల 'నీటి కాలుష్యానికి కారణాలు' అని ఉంది సార్, ఒక కారణం చెప్తున్న అన్న.

ఈ ఏడు మళ్ళ కాయితం వచ్చింది. పాత పిల్లలు పదోది దాటిపోయిన్రు. పలక కట్టిన పిల్ల ఇంటర్ల బైపీసీ తీసుకుంది, ఆదివారాలు వచ్చి కొత్తోళ్లకు వాజిలిన్ ఎంత మందం పూయాల్నో చూపిస్తుంది. ఈసారి తొమ్మిది పలకలు. నాలుగు తావులకు, అయిదు మనుషులకు: ఊడ్చే ఇద్దరికి, ఇటుకబట్టీల ఒకామెకు, లారీ క్లీనరుకు, క్వార్టరుల ఉండే ఒక సారుకు. సారును ఒప్పిచ్చుడే కష్టమైంది. గడులన్నీ పోయినసారివే, ఒక్కటి కూడ తీసేయలే. ఆదాయం గడి కలిపినం, రెండూ పక్కపక్కన ఉంటయి.

రాత్రి పది నుంచి తెల్లారి నాలుగింటి దాకా బూడిద లారీలు లెక్కపెట్టాలె, ఎన్నిటికి పట్టా ఉంది, ఎన్నిటికి లేదు అని. ఆ యాళ్లకు పిల్లలను పంపేది లేదు. మా బాపు కల్వర్టు కాడ కూసుంటనన్నడు. ఆయనకు చదువు రాదు గనుక, పట్టా ఉన్నదానికి నిలువు గీత, లేనిదానికి అడ్డగీత అని నేర్పినం. దగ్గుకు మాత్రం కంబడి, ఫ్లాస్కుల వేడినీళ్ళు ఇచ్చి పంపాలె.